వాళ్ల ఓటు, మన ఆడపిల్లల పరుగు

(మహాపరినిర్వాణ దినం సందర్భంగా 2025 డిసెంబర్ 6న భిలాయి క్యాంప్ 1లో తెలుగు విద్యార్థులు ఏర్పాటు చేసిన సభలో చేసిన ప్రసంగం. చదవడానికి వీలుగా స్వల్ప మార్పులతో.)



నేను ఈ క్యాంప్‌లోనే పుట్టాను. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి 1958లో ఇక్కడికి వచ్చాడు. అప్పటికింకా కొలిమి వెలగలేదు. సోవియట్ ఇంజనీర్లు గీసిన గీతల మీద మట్టి తవ్వి, తట్టలు మోసినవాళ్లలో ఆయనొకడు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించాడు. చెట్లూ, తోటలూ ఉన్న సెక్టార్లు పట్టాలకు అవతల లేచాయి. కట్టినవాళ్లకు మాత్రం క్యాంపే మిగిలింది. ఊరికి పేరు కూడా పెట్టలేదు, నంబరు వేశారు. అందుకని ఇక్కడ మైకు ముందు నిలబడటం నాకు యూనివర్సిటీ సెమినార్ కంటే పెద్ద విషయం.

ఈ సభ గురించి చెప్పినప్పుడు మా పిన్ని అడిగింది: "ఏటే గుంటా, అమెరికావోడి ఓటుకీ మన గుంటల ఆటకీ ఏటి సమ్మందం?" ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే. మీలో పరిశోధక విద్యార్థులూ, అధ్యాపకులూ ఉన్నారు. అయినా పిన్నికి అర్థమయ్యేలాగే చెప్తాను. ఆమెకు అర్థం కాకపోతే నాకూ అర్థం కానట్టే లెక్క.

తెలుగువాళ్లకు అమెరికా ఎన్నిక అంటే వీసా. ఎవరు గెలిస్తే హెచ్-1బి దొరుకుతుంది, ఎవరు గెలిస్తే ఆగుతుంది అన్నదే మన చర్చ. ఈ సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము వేసినప్పుడు మన పత్రికల మొదటి పేజీలన్నీ దానికే పోయాయి. అంతకుముందు ఏడాది జేడీ వాన్స్ ఉపాధ్యక్ష అభ్యర్థి కాగానే ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరుకు కెమెరాలు పరుగెత్తాయి. "తెలుగింటి అల్లుడు" అని మురిసిపోయాం. ఎవరి తెలుగిల్లు, ఏ వీధిలోని ఇల్లు అని ఎవరూ అడగలేదు. అమెరికా ఎన్నికను మనం ఆధిపత్య కులాల కిటికీలోంచే చూస్తున్నాం. ఆ కిటికీలోంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కనిపిస్తాడు. పరుగు పందెంలో నిలబడ్డ కూలివాళ్ల అమ్మాయి కనిపించదు.

కాబట్టి ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. వేసవి ఒలింపిక్స్ జరిగేది నాలుగేళ్లకోసారి. అమెరికా అధ్యక్ష ఎన్నికా నాలుగేళ్లకోసారే. రెండూ ఒకే ఏడాదిలో పడతాయి. కరోనా వల్ల టోక్యో ఒక్కటి 2021కి జరిగింది. అంటే ప్రపంచంలోని ఆడపిల్లలు తమ జీవితంలోకెల్లా పెద్ద మైదానంలోకి దిగే వేళకే అమెరికాలో ఓట్ల వేట ముదిరి ఉంటుంది. ఇది యాదృచ్ఛికమే. కానీ దాని ఫలితాలు యాదృచ్ఛికం కావు.

1980 తీసుకుందాం. మహిళల హాకీ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది ఆ ఏడాదే, మాస్కోలో. సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి దిగి కొద్ది వారాలే అయింది. అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు అది ఎన్నికల ఏడు. ఇరాన్‌లో అమెరికన్లు బందీలుగా ఉన్నారు, సొంత పార్టీలోనే ఎడ్వర్డ్ కెనెడీ పోటీకి దిగాడు. గట్టివాడిననిపించుకోవాల్సిన అవసరం కార్టర్‌కు ఉంది. జనవరి 20న హెచ్చరిక జారీ చేశాడు: సైన్యం వెనక్కి వెళ్లకపోతే మాస్కోకు రాబోమన్నాడు. ఆఫ్రికా దేశాలను ఒప్పించడానికి ముహమ్మద్ అలీని పంపాడు. చివరికి అరవైకి పైగా దేశాలు మాస్కోకు వెళ్లలేదు.

ఆ నిర్ణయాన్ని అమెరికాలో ఎదిరించినవాళ్లలో అనీటా డీఫ్రాంట్జ్ అనే నల్లజాతి మహిళ ముందుంది. ఆమె పడవపందేల క్రీడాకారిణి, 1976లో కాంస్యం గెలిచింది. తోటి క్రీడాకారులతో కలిసి తమ దేశపు ఒలింపిక్ కమిటీ మీదే కోర్టుకెళ్లింది. ఓడిపోయింది. మాస్కోకు వెళ్లలేకపోయింది. ఆమె కల చెదరగొట్టిన ఆ అధ్యక్షుడు ఏ మితవాదో కాదు, మానవ హక్కుల పేరు చెప్పుకునే డెమొక్రాట్. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మహిళల హాకీలో బలమైన జట్లు చాలా రాలేదు. ఆరే జట్లు ఆడాయి. భారత్ వెళ్లింది, నాలుగో స్థానంలో నిలిచింది. స్వర్ణం జింబాబ్వేది. ఆ దేశానికి ఏప్రిల్‌లోనే స్వాతంత్ర్యం వచ్చింది, జట్టుకు పిలుపు ఆటలకు కొద్ది వారాల ముందు అందింది. అయితే ఆ జట్టులో అందరూ తెల్లవాళ్లే. నల్లవాళ్లు పోరాడి తెచ్చుకున్న దేశానికి మొదటి స్వర్ణం తెచ్చిన జట్టులో ఒక్క నల్ల అమ్మాయి లేదు. జెండా మారినంత తొందరగా మైదానం మారదు. బాబాసాహెబ్ మనకు చెప్పిందీ ఇదే కదా: రాజకీయ స్వాతంత్ర్యం వచ్చినా సామాజిక అసమానత అలాగే కూర్చుని ఉంటుంది.

ఆ నాలుగో స్థానం తర్వాత మన మహిళల హాకీ జట్టు మళ్లీ ఒలింపిక్స్‌కు వెళ్లడానికి ఎంతకాలం పట్టిందో తెలుసా? 36 ఏళ్లు. 2016లో రియోకు వెళ్లిన జట్టులో రేణుకా యాదవ్ ఉంది, మన పక్కనున్న రాజ్‌నంద్‌గావ్ అమ్మాయి. ఆ తర్వాత టోక్యోలో మళ్లీ నాలుగో స్థానం. ఈసారి ఎవరి బహిష్కరణ వల్లా కాదు, పూర్తిస్థాయి పోటీలో ఆడి తెచ్చుకున్నారు.

ఇప్పుడు రెండో కథ. ఇది కూడా ఎన్నికల ఏడాదిదే, 1972. అమెరికాలో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా స్త్రీ అన్న కారణంతో ఎవరినీ బయట పెట్టకూడదని దాని సారాంశం. ఇంగ్లీషులో 37 మాటలు. అందులో ఆట అన్న మాటే లేదు. దాని వెనక నిలిచినవాళ్లలో ప్యాట్సీ మింక్ ఒకరు. హవాయికి చెందిన జపనీస్ మూలాల మహిళ. ఆడదని వైద్య కళాశాలలు చేర్చుకోకపోతే లా చదివి, చట్టసభకు వెళ్లింది. నిక్సన్ జూన్ 23న సంతకం పెట్టాడు. అప్పటికి అమెరికా హైస్కూళ్లలో ఆటలాడే అమ్మాయిలు మూడు లక్షల లోపే. ఇప్పుడు ముప్పై లక్షలు దాటారు.

కానీ చట్టం కాగితం మీద ఉన్నంత మాత్రాన సరిపోదు. 1984లో సుప్రీంకోర్టు దాని పరిధిని బాగా కుదించింది. నిధులు నేరుగా అందుకునే విభాగానికే చట్టం వర్తిస్తుందంది. క్రీడా విభాగాలు చాలావరకు తప్పించుకున్నాయి. 1988లో కాంగ్రెస్ దాన్ని సరిచేస్తూ చట్టం తెస్తే అధ్యక్షుడు రీగన్ వీటో చేశాడు. ఆ వీటోను తోసిపుచ్చి మరీ చట్టం చేశారు. మన రిజర్వేషన్ల చరిత్ర చదివినవాళ్లకు ఇది కొత్త కాదు. హక్కు రాయడం ఒక ఎత్తు. దాన్ని చదివే కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది ఇంకో ఎత్తు.

ఆ కుర్చీని మార్చడానికి ఆటగాళ్లే దిగిన సందర్భమూ ఉంది. 2020లో అట్లాంటా డ్రీమ్ అనే మహిళా బాస్కెట్‌బాల్ జట్టుకు సహ యజమాని కెల్లీ లోఫ్లర్. ఆమె రిపబ్లికన్ సెనేటర్ కూడా. నల్లజాతి ప్రాణాల కోసం లీగ్ నిలబడటాన్ని ఆమె వ్యతిరేకించింది. నల్లజాతి మహిళలే ఎక్కువగా ఉన్న ఆ లీగ్ ఆటగాళ్లు ఏం చేశారు? ఆమె మీద పోటీ చేస్తున్న రాఫెల్ వార్నాక్‌కు ఓటు వేయమని రాసిన చొక్కాలు వేసుకుని వచ్చారు. అప్పటికి వార్నాక్ పెద్దగా ఎవరి లెక్కలోనూ లేడు. 2021 జనవరిలో గెలిచాడు. ఆ ఎన్నికతో సెనేట్ చేతులు మారింది. సొంత యజమాని మీదే ఓటు అడిగిన పనివాళ్లు వాళ్లు. భిలాయిలో పనివాళ్లు నోరెత్తితే ఏమవుతుందో మనకు తెలుసు. 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర కాల్పుల్లో చనిపోయినవాళ్లు మన ఇరుగుపొరుగు బస్తీలవాళ్లే. అందుకే ఆ చొక్కాల వెనకున్న ధైర్యం ఎంతదో మనకు చప్పున అర్థమవుతుంది.

ఇక 2024. పారిస్‌లో అల్జీరియా బాక్సర్ ఇమాన్ ఖలీఫ్ ఆడపిల్లగా పుట్టి, ఆడపిల్లగా పెరిగి స్వర్ణం గెలిస్తే, ట్రంప్ ఎన్నికల సభల్లో ఆమెను మగవాడన్నాడు. ట్రాన్స్ మనుషుల మీద ప్రకటనలకు ఆ ఎన్నికలో డబ్బు కుమ్మరించారు. గెలిచాక 2025 ఫిబ్రవరి 5న, చుట్టూ చిన్నపిల్లలను నిలబెట్టుకుని, మహిళల క్రీడల నుంచి ట్రాన్స్ మహిళలను తప్పించే ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. ఆధారంగా చూపింది టైటిల్ నైన్‌నే. తలుపులు తెరవడానికి చేసిన చట్టాన్ని తలుపు మూయడానికి వాడారు. మరుసటి రోజే అమెరికా కళాశాలల క్రీడా సంఘం నిబంధన మార్చేసింది. దాని అధ్యక్షుడు అంతకు రెండు నెలల ముందు సెనేట్ ముందు ఒక లెక్క చెప్పాడు: 5,10,000 మంది క్రీడాకారుల్లో తనకు తెలిసిన ట్రాన్స్ క్రీడాకారులు పదిమంది కంటే తక్కువ.

మహిళల విభాగంలో న్యాయమైన పోటీ ఉండాలన్నది నిజమైన ప్రశ్న. దాన్ని నేను కొట్టిపారేయను. ఏ ఆటలో, ఏ స్థాయిలో, ఏ ఆధారంతో అని తేల్చాల్సిన ప్రశ్న అది. కానీ పదిమంది కోసం కోట్ల ఓట్లు అడిగితే అది న్యాయం గురించిన తపన కాదు. భయాన్ని ఓటుగా మార్చుకునే పద్ధతి. "మన ఆడవాళ్లను కాపాడుకుందాం" అనే మాట మనకు కొత్తా? ఆ మాటతోనే ఇక్కడ కులాంతర ప్రేమికులను నరికారు.

ఆ ఉత్తర్వు అమెరికాకే పరిమితం కాలేదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ మీద ఒత్తిడి తేవాలని కూడా అందులో ఉంది. తర్వాత వరల్డ్ అథ్లెటిక్స్ సెప్టెంబర్ 1 నుంచి మహిళలందరికీ ఎస్‌ఆర్‌వై జన్యు పరీక్ష తప్పనిసరి చేసింది. ప్రపంచ బాక్సింగ్ సంస్థ కూడా లివర్‌పూల్ ఛాంపియన్‌షిప్ నుంచి అదే దారి పట్టింది. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ విజేత. ఆమె కూడా ఇప్పుడు రింగులోకి దిగాలంటే ముందు ఆడదాన్నని రుజువు చూపాలి. ఇదంతా ట్రంప్ ఒక్కడి పని అనను, ఈ సంస్థలకు సొంత చరిత్ర ఉంది. కానీ గాలి ఎటు వీస్తుందో అందరూ చూసుకున్నారు.

ఈ పరీక్ష కొత్తదీ కాదు. 1968 నుంచి 1990ల చివరి వరకు ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు లింగ పరీక్షలు ఉండేవి. అట్లాంటాలో ఎనిమిదిమందికి ఆ జన్యువు కనిపించింది. ఎనిమిదిమందినీ ఆడనిచ్చారు. పరీక్ష పనికిరాదని తేలి, సిడ్నీ 2000 నుంచి ఆపేశారు. 1990లో ఆ జన్యువును కనుగొన్న శాస్త్రవేత్తల్లో ఒకరైన ఆండ్రూ సింక్లెయిర్, లింగ నిర్ధారణకు దాన్ని వాడటం తప్పని ఈ ఏడాది కూడా రాశాడు.

సిడ్నీ 2000 అన్నాను కదా. ఆ ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి పెట్టారు. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఈ వీధిలో ఒక్కరింట్లో టీవీ చుట్టూ అందరం మూగాం. "మన గుంటే!" అని మా నాయనమ్మ కేక పెట్టింది. నీ ఒంటికి రుజువు చూపించమని అడగడం మానేసిన మొదటి ఒలింపిక్స్‌లో మన గుంట గెలిచిందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

నేను అప్పుడు 400 మీటర్లు పరిగెత్తేదాన్ని. గొంతు బొంగురు. జుట్టు కత్తిరించుకునేదాన్ని. పదహారేళ్లప్పుడు ఒక పోటీకి పేర్లు రాసుకునే పెద్దమనిషి అందరి ముందూ నన్ను ఎగాదిగా చూసి, "యే లడ్కీ హై క్యా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. డాక్టర్ దగ్గర కాగితం తెమ్మన్నాడు. మా అమ్మ ఇళ్లలో పని ముగించుకుని ఆ చీరతోనే వచ్చింది. "నా కడుపున పుట్టింది ఆడపిల్లని నాను సెప్తే సాలదా?" అంది. చాలలేదు. నేను ఆ పోటీకి వెళ్లలేదు. ఆ తర్వాత పరిగెత్తలేదు. ఇది మా అమ్మకు నేను పెట్టిన బాకీ అని చాలా కాలం అనుకున్నాను. బాకీ నాది కాదని చెప్పింది ఇద్దరు అమ్మాయిలు.

మొదటిది శాంతి సౌందరరాజన్. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా దళిత అమ్మాయి, తల్లిదండ్రులు ఇటుక బట్టీ కూలీలు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచింది. లింగ పరీక్ష పేరుతో పతకం తీసేసుకున్నారు. గోప్యంగా ఉండాల్సిన సంగతి ఊరూవాడా తెలిసిపోయింది. తను కూడా బట్టీలో కూలికి వెళ్లింది. రెండోది ఒడిశా చేనేత కుటుంబపు ద్యుతీ చంద్. 2014లో కామన్వెల్త్ క్రీడలకు వెళ్లే ముందు జట్టు నుంచి తీసేశారు. శాంతికి దొరకనిది ఆమెకు దొరికింది: లాయర్లూ, అండగా నిలిచిన మనుషులూ. క్రీడల అంతర్జాతీయ కోర్టుకు వెళ్లింది. 2015 జూలైలో ఆ నిబంధనను కోర్టు నిలిపివేసింది. హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ తీసుకుని రియోకు వెళ్లింది, 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు గెలిచింది. తర్వాత డోపింగ్ కేసులో ఆమెకు నిషేధం పడింది. అది వేరే విషయం. దాని వల్ల 2015 తీర్పు విలువ తగ్గదు.

మాటవరసకు "అందరికీ పరీక్ష" అంటారు. ఎస్సీ కాలనీలో, ఆదివాసీ గూడెంలో, బస్తీలో ఉన్న అమ్మాయికి ఆ పరీక్షతో పాటు డాక్టర్ సలహా, రహస్యం కాపాడే వ్యవస్థ, లాయర్ ఉండవు. పరీక్ష ఒక్కటే ఉంటుంది. తన ఒంట్లోని తేడా గురించి మొట్టమొదట వార్తల్లో తెలుసుకునేది ఆ అమ్మాయే.

రెండో గేటు వీసా. ఈ జూన్‌లో సెనెగల్ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు శిక్షణకు అమెరికా వెళ్లాల్సింది. కొందరు ఆటగాళ్లకు వీసా ఇవ్వకపోవడంతో ఆ దేశ ప్రధాని ఆ శిక్షణే రద్దు చేశాడు. జూలైలో క్యూబా మహిళల వాలీబాల్ జట్టుకు ప్యూర్టో రికో వెళ్లడానికి వీసాలు దొరకలేదు. ప్రయాణ నిషేధపు ఉత్తర్వులో ఒలింపిక్స్‌కు మినహాయింపు ఉంది. కానీ ఒలింపిక్స్‌కు ముందు ఆడాల్సిన అర్హత పోటీలూ, శిక్షణలూ ఎన్నో ఉంటాయి. ఆగస్టులో ట్రాన్స్ మహిళా క్రీడాకారులకు వీసా దారులనే బిగించేశారు. లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్ 2028 జూలై 14 నుంచి 30 వరకు. అక్కడి అధ్యక్ష ఎన్నిక నవంబర్ 7న. పిన్నీ, సంబంధం ఇదే.

అయితే డెమొక్రాట్లు గెలిచి ఉంటే అంతా బాగుండేదని చెప్పడానికి నేను రాలేదు. 1980లో అనీటా డీఫ్రాంట్జ్‌ను ఆపింది ఎవరో చెప్పాను. శాంతి పతకం పోయినప్పుడు, ద్యుతీని తీసేసినప్పుడు ట్రంప్ అధ్యక్షుడు కాడు. ఇంకో మాట. 2021 ఆగస్టు 4న మన జట్టు సెమీఫైనల్‌లో ఓడితే, హరిద్వార్ దగ్గర రోషనాబాద్‌లో వందనా కటారియా ఇంటి ముందు టపాకాయలు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైపోవడం వల్లే ఓడిందని బూతులు తిట్టారు. దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టి జట్టును నిలబెట్టిన అమ్మాయి ఆమె. ఆ టపాకాయలు కొన్నది వాషింగ్టన్‌లో కాదు.

బాబాసాహెబ్ 1913లో న్యూయార్క్ వెళ్లాడు, 1916 వరకు ఉన్నాడు. ఆ ఊళ్లో అప్పటికి ఆడవాళ్లకు ఓటు లేదు. ఆ రాష్ట్రంలో వచ్చింది 1917లో, దేశమంతటా 1920లో. దక్షిణాది నల్లవాళ్లకు ఓటు నిజంగా చేతికి అందడానికి 1965 దాకా పట్టింది. అక్కడ చదివి వచ్చిన మనిషి రాసిన రాజ్యాంగం మొదటి రోజు నుంచే ప్రతి స్త్రీకీ ఓటు ఇచ్చింది. 1942 జూలైలో, ఇదే రైలు మార్గంలో ఉన్న నాగ్‌పూర్‌లో, దళిత మహిళల మహాసభలో ఆయన అన్నాడు, ఒక సమాజం ఎంత ముందుకు వెళ్లిందో అందులోని స్త్రీలు ఎంత ముందుకు వెళ్లారో చూసి కొలుస్తానని. ఆ కొలమానం వాషింగ్టన్‌కూ వర్తిస్తుంది, భిలాయికీ వర్తిస్తుంది. 1946లో ఆయన డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. నల్లవాళ్ల తరఫున ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న వినతిపత్రం ప్రతి పంపమని అడిగాడు. వాళ్ల పోరాటం తనకు పరాయిదనుకోలేదు.

కాబట్టి మనం చేయగలిగింది ఏమిటి? వాళ్ల ఓటు మన చేతిలో లేదు. మన సమాఖ్యలు మన చేతిలో ఉన్నాయి. పరీక్ష చేయక తప్పదంటే దాని ఖర్చు ఎవరిది, ఫలితం ఎవరి దగ్గర ఉంటుంది, ముందు ఆ అమ్మాయికి ఎవరు చెప్తారు, ఆమె తరఫున లాయర్ ఎవరు అన్నవి రాతపూర్వకంగా అడుగుదాం. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు. లా చదివే విద్యార్థులారా, ద్యుతీ తీర్పును తెలుగులోకి, హిందీలోకి తెండి. సామాజిక శాస్త్రాల వాళ్లారా, మన బస్తీల నుంచి ఎంతమంది అమ్మాయిలు ఆట మొదలుపెట్టారు, ఎక్కడ ఆపేశారు, ఎవరి మాటకు ఆపేశారు, లెక్క తీయండి. ఆ లెక్క ఎవరూ తీయలేదు కాబట్టే నాలాంటివాళ్లు అది తమ ఒక్కరి సిగ్గు అనుకుని బతికారు.

చివరిగా ఒక్క మాట. మా మేనకోడలికి పదమూడేళ్లు. ఇక్కడే, మూడో వరసలో కూర్చుని ఉంది, తల వంచుకుంది. 400 మీటర్లు పరిగెడుతోంది. గొంతు నాదే. పోయిన వారం పాస్‌పోర్ట్‌కు దరఖాస్తు చేద్దామని జనన ధ్రువపత్రం వెతికాం. పేరులో ఒక అక్షరం తప్పు ఉంది. అది దిద్దించడానికి సోమవారం మా అన్నయ్య సెలవు పెట్టుకుని ఆఫీసుకు వెళ్తున్నాడు. కూలి పోతుంది కదా అంటే, "నువ్వు ఆగిపోయినావు, సాలదా?" అన్నాడు.

2028కి దానికి పదహారేళ్లు. నన్ను ఆపేసిన వయసు. ఆ రోజు ఎవరైనా దాన్ని ఎగాదిగా చూస్తే, దాని పక్కన వాళ్లమ్మ ఒక్కతే నిలబడి ఉండకూడదు. మీరంతా ఉండాలి.

జై భీమ్. జై సావిత్రీ.